అన్నం తగ్గించే ముందు ప్రోటీన్ పెంచండి: వెజిటేరియన్లు లో కార్బ్ ఎలా చెయ్యాలి

ఈ మధ్య చాలా ఇళ్లలో చూస్తున్నదే ఇది. షుగర్ బోర్డర్‌లో ఉందనో పొట్ట తగ్గాలనో ఒక రోజు గట్టిగా అనుకుని అన్నం మానేస్తారు, ఇడ్లీ దోశ మానేస్తారు, కూరలు ఎక్కువ తింటారు, రెండు వారాలు బరువు బాగానే దిగుతుంది, ఆ తర్వాత నీరసం, కాళ్లు పీకడం, రెండు మూడు నెలలకి దువ్వెన నిండా జుట్టు. అప్పుడు "మన ఒంటికి ఇవి పడవు" అని మళ్లీ పాత భోజనంలోకి వచ్చేస్తారు. నాన్‌వెజ్ తినేవాళ్లకి ఈ బాధ అంతగా ఉండదు, అన్నం తీసేసినా కోడికూరో గుడ్లో కంచంలో ఉంటాయి. మన శాకాహార భోజనంలో అన్నం తీసేస్తే మిగిలేది కూర, పచ్చడి, చారు, కాస్త పెరుగు. వీటన్నిట్లో కలిపి ప్రోటీన్ ఎంతుందో లెక్కేస్తే భయమేస్తుంది.

లో కార్బ్ అంటే అన్నం, ఇడ్లీ లాంటి వాటిలో ఉండే పిండి పదార్థాలు, అదే కార్బ్స్, తగ్గించి తినడం. అందుకే ఇక్కడ చెప్పే పద్ధతిలో మొదటి వారం అన్నం జోలికే వెళ్లం. ముందు ప్రతి పూటా ప్రోటీన్ పెట్టుకోవడం అలవాటు చేసుకోవాలి, అది కుదిరాకే అన్నం తగ్గించాలి. ఈ వరస మార్చకండి, మిగతావన్నీ మీ ఇంటికి తగ్గట్టు మార్చుకోవచ్చు.

మొదలుపెట్టే ముందు డాక్టర్‌ని అడగాల్సినవాళ్లు

కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ప్రోటీన్ సొంతంగా పెంచకూడదు, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ ఎంతుందో తెలియకపోతే ఒకసారి టెస్ట్ చేయించుకుని మొదలుపెట్టండి. షుగర్‌కి ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లు అదే డోసు మీద అన్నం తగ్గిస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం ఉంది. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు వాడేవాళ్లయితే ఇంకా జాగ్రత్త, కార్బ్స్ బాగా తగ్గిస్తే షుగర్ రీడింగ్ మామూలుగా కనిపిస్తూనే కీటోఅసిడోసిస్ అనే ప్రమాదకరమైన పరిస్థితి రావచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఇవి చెయ్యొద్దు.

మీకు ఎంత కావాలి

మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, అదే ఎన్ఐఎన్, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తరఫున 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి రోజుకి కేజీ బరువుకి 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి, అంటే 60 కేజీల మనిషికి 50 గ్రాములు. బరువు తగ్గుతున్నప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది కాబట్టి, పైగా పప్పుల్లో ప్రోటీన్ పాల ప్రోటీన్ అంత బాగా ఒంటికి పట్టదు కాబట్టి, లో కార్బ్ చేసే వెజిటేరియన్లు కేజీకి 1 నుంచి 1.2 గ్రాములు పెట్టుకుంటే మంచిది. బరువు బాగా ఎక్కువ ఉన్నవాళ్లు ఇప్పటి బరువుతో లెక్క వెయ్యకండి, మీ ఎత్తు సెంటీమీటర్లలోంచి 100 తీసెయ్యండి, 165 ఎత్తు ఉంటే 65, ఆ అంకెతో లెక్క వేసుకుంటే సరిపోతుంది.

చాలామందికి టార్గెట్ 60-75 గ్రాముల మధ్య వస్తుంది. మూడు పూటలా తలా 20, సాయంత్రం ఒక 8 అనుకోండి. పొద్దున పూట ఏమీ లేకుండా రాత్రి ఒకేసారి కుక్కేద్దాం అంటే కడుపు బరువుగా ఉంటుంది కూడా. ఇంకో మాట, ఇది చాలామంది పొరపడే చోటు: 100 గ్రాముల పన్నీర్ అంటే 100 గ్రాముల ప్రోటీన్ కాదు, అందులో ప్రోటీన్ 18 గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది, మిగతాది కొవ్వు, నీరు.

కార్బ్స్ విషయానికొస్తే, పీచు తీసేసి రోజుకి 80-100 గ్రాములు అనుకుని ఈ ప్లాన్ రాస్తున్నా. కీటో చేస్తాం, అంటే కార్బ్స్ 30 గ్రాముల లోపే ఉంచుతాం అంటే పప్పులు దాదాపు అన్నీ వదిలెయ్యాలి, పన్నీర్, టోఫు (సోయా పాలతో చేసే పన్నీర్ లాంటిది), ప్రోటీన్ పౌడర్ మీదే బతకాలి, శాకాహారులకి నేను అది చెప్పను, ఎక్కువ రోజులు సాగదు.

ఒక వారం తూచండి

డిజిటల్ కిచెన్ వెయిట్ మెషిన్ ఒకటి కొనండి, ఐదారు వందల్లో వస్తుంది. జీవితాంతం తూచక్కర్లేదు, ఒక వారం తూస్తే చాలు, కంటికి అలవాటైపోతుంది. ముందు తూచాల్సింది మీ ఇంట్లో పప్పే, ఎందుకంటే "మేం రోజూ పప్పు తింటాం, ప్రోటీన్‌కి ఏం తక్కువ" అనేది మన ఇళ్లలో అందరూ అనే మాట. నలుగురున్న ఇంట్లో టమాటా పప్పుకి కుక్కర్లో వేసే కందిపప్పు సుమారు 100 గ్రాములు ఉంటుంది, అందులో ప్రోటీన్ 22 గ్రాములు, నలుగురికి పంచితే మనిషికి ఐదున్నర. గిన్నె నిండా పసుపచ్చగా కనిపిస్తుంది గానీ అందులో ఎక్కువ నీళ్లు, టమాటాలు. ఆ ఐదున్నర గ్రాముల కోసం ఒంట్లోకి వెళ్లే కార్బ్స్ ఇంకో 13-14 గ్రాములు, పైగా పప్పు ఒట్టిగా తినం, దాంతో అన్నం లాగించేస్తాం. పప్పు చెడ్డదని కాదు, పప్పు మంచిదే, కానీ పప్పు ఒక్కదాంతోనే 20 గ్రాములు తెచ్చుకోవాలంటే మనిషికి 90 గ్రాముల పచ్చి పప్పు కావాలి, దాంతో పాటు 50 గ్రాముల దాకా కార్బ్స్ వస్తాయి, మన రోజు కోటాలో సగం ఒక్క పూటకే అయిపోతుంది.

అందుకని ప్రతి పూటా కార్బ్స్ తక్కువుండి ప్రోటీన్ ఎక్కువున్న వస్తువు ఒకటి ముందు పెట్టుకుని, పప్పుని దానికి తోడుగా వాడాలి.

ఆ వస్తువులేంటి

మన ఊళ్లలో కిరాణా కొట్లో కూడా దొరికేవి, ధర తక్కువవి చూస్తే అన్నిటికంటే ముందు మీల్‌మేకర్, అదే సోయా చంక్స్. ఎండు మీల్‌మేకర్ 100 గ్రాముల్లో 52 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, మనిషికి 30 గ్రాములు వేసుకుంటే 15 గ్రాములు వచ్చేస్తుంది, పీచు తీసేస్తే కార్బ్స్ ఆరు గ్రాములే. చాలామందికి ఇది నచ్చకపోవడానికి కారణం వండే పద్ధతి. వేడినీళ్లలో వేసి ఉబ్బగానే తీసి కూరలో పడేస్తే పచ్చి వాసన వస్తుంది, లోపల చప్పగా ఉంటుంది. ఇలా చెయ్యండి: మరిగే నీళ్లలో ఉప్పు వేసి ఐదు నిమిషాలు ఉడికించండి, చన్నీళ్లలోకి తీసి రెండు అరచేతుల మధ్య పెట్టి గట్టిగా పిండండి, నురగ నురగగా పసుపు నీళ్లు వస్తాయి, మళ్లీ మంచినీళ్లు పోసి మళ్లీ పిండండి, నీళ్లు తేటగా వచ్చేదాకా రెండు మూడుసార్లు. ఆ వాసన, కొంతమందికి వచ్చే గ్యాస్ చాలావరకు ఆ నీళ్లతోనే పోతాయి. తర్వాత మిక్సీలో రెండు తిప్పులు తిప్పితే కీమాలా పొడిపొడిగా వస్తుంది, దాన్ని పెరుగు, అల్లం వెల్లుల్లి, కారం, ఉప్పు పట్టించి పావుగంట ఉంచి నూనెలో బాగా వేయించి, పక్కన ఉడికించి పెట్టుకున్న గోంగూర కలిపితే నాన్‌వెజ్ మానేసినవాళ్లు కూడా అడిగి వేయించుకుంటారు. ఉల్లి వెల్లుల్లి తిననివాళ్లు ఇంగువ, మిరియాలు, ధనియాల పొడితో చేసుకోవచ్చు.

సోయా తింటే మగవాళ్లకి హార్మోన్లు పాడవుతాయని ఒక భయం ఉంది. మామూలు మోతాదులో తింటే టెస్టోస్టెరాన్ తగ్గదని చాలా పరిశోధనలు కలిపి చూసినప్పుడు తేలింది, రోజుకి 30 గ్రాముల గురించి కంగారు అక్కర్లేదు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు మాత్రం సోయాని మాత్రకి దగ్గరగా తినొద్దు, మాత్ర సరిగ్గా ఒంటికి పట్టకుండా చేస్తుంది, పొద్దున్నే మాత్ర వేసుకుంటే మీల్‌మేకర్ మధ్యాహ్నానికి పెట్టుకోండి.

తర్వాత పన్నీర్. ఇంట్లో చేసుకుంటే లీటరు ఫుల్ క్రీమ్ పాలకి 180-200 గ్రాములు వస్తుంది, పాలు పొంగాక స్టవ్ కట్టేసి నిమ్మరసం కొద్దికొద్దిగా వెయ్యాలి, పచ్చని నీళ్లు వేరుపడగానే ఆపెయ్యాలి, ఇంకా పిండితే పన్నీర్ గట్టిపడి రబ్బరులా అవుతుంది. ఆ నీళ్లు పారబొయ్యకండి, వాటిలో కూడా కాస్త ప్రోటీన్ ఉంటుంది, కాకపోతే పాలలోని చక్కెర కూడా అందులోకే దిగుతుంది కాబట్టి గ్లాసులకి గ్లాసులు తాగకుండా చారులోనో పులుసులోనో కొంచెం పొయ్యండి. బయట విడిగా అమ్మే పన్నీర్ కొనేటప్పుడు జాగ్రత్త, ప్యాకెట్ అయితే వెనక చదవండి, అనలాగ్ అనో, వెజిటబుల్ ఫ్యాట్ అనో ఉంటే అది పూర్తిగా పాలతో చేసింది కాదు. అనుమానం ఉంటే చిన్న ముక్క నీళ్లలో ఉడికించి, చల్లారాక మెడికల్ షాప్‌లో దొరికే టింక్చర్ అయోడిన్ రెండు చుక్కలు వేసి చూడండి, నీలం రంగుకి తిరిగితే పిండి కలిపినట్టే. కొలెస్ట్రాల్ ఎక్కువున్నవాళ్లు టోన్డ్ పాలతో పన్నీర్ చేసుకోండి, లేదా వారంలో సగం రోజులు టోఫు వాడండి, గట్టి టోఫులో 100 గ్రాములకి 10-15 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. టోఫుని శుభ్రమైన బట్టలో చుట్టి పైన బరువు పెట్టి అరగంట ఉంచితే నీళ్లు పోయి వేపుడుకి బాగా కుదురుతుంది.

మామూలు పెరుగులో 100 గ్రాములకి ప్రోటీన్ 3 గ్రాములే, ఒక చిన్న కప్పు పెరుగుతో ఏదీ పూర్తవదు. కానీ అరకేజీ పెరుగుని పల్చని బట్టలో మూట కట్టి, జల్లెడలో పెట్టి కింద గిన్నె ఉంచి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి, పొద్దున్నకి సగానికి తగ్గి వెన్నలా గట్టిగా అవుతుంది, నీళ్లతో పాటు కార్బ్స్ కూడా కొంత దిగిపోతాయి, ప్రోటీన్ ఎక్కువ భాగం మూటలోనే ఉంటుంది, అంటే ఆ మూటలో 12-13 గ్రాములు. అందులో కీరా తురిమి, జీలకర్ర, పచ్చిమిర్చి తాలింపు పెట్టుకుంటే పెరుగు పచ్చడి, రాత్రి పూటకి చాలా తేలిగ్గా ఉంటుంది.

వే ప్రోటీన్ పౌడర్ గురించి ఇళ్లలో భయం ఎక్కువ, అది పాల విరుగుడు నీళ్ల నుంచి తీసిన పొడి, జిమ్‌కి వెళ్లేవాళ్లకే అని ఏం లేదు. ఒక స్కూప్‌లో 20-24 గ్రాములు వస్తుంది. పళ్లు సరిగ్గా లేని పెద్దవాళ్లకి, పొద్దున్నే ఆఫీసుకి పరిగెత్తేవాళ్లకి పనికొస్తుంది, ప్యాకెట్ మీద ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఎఐ లైసెన్స్ నంబర్, ఒక స్కూప్‌కి ప్రోటీన్ ఎంత, షుగర్ ఎంత చూసుకుని కొనండి. అవసరం లేకపోతే మానెయ్యండి, పై మూడిటితోనే లెక్క సరిపోతుంది.

పప్పుల్ని ఎలా వాడాలి

ప్రోటీన్ అమైనో ఆమ్లాలతో తయారవుతుంది, వాటిలో లైసిన్ పప్పుల్లో ఎక్కువ, మెథియోనిన్ తక్కువ, బియ్యంలో దానికి తిరగేసి. పప్పన్నం కలిపి తిన్నప్పుడు ఒకదాని లోటు ఇంకోటి తీర్చేది. ఇప్పుడు అన్నం తగ్గిస్తున్నాం కాబట్టి ఆ లోటు ఇంకో దారిలో తీర్చాలి, పాలు, పెరుగు, పన్నీర్ ఆ పని చేస్తాయి, నువ్వుల్లో కూడా మెథియోనిన్ బాగుంటుంది. అందుకని పెసరట్టు తిన్నా సెనగల గుగ్గిళ్లు తిన్నా పక్కన పెరుగో, పైన నువ్వుల పొడో ఉండేలా చూసుకోండి. అన్నీ ఒకే ముద్దలో కలవాలని లేదు, ఆ రోజులో తింటే చాలు.

టిఫిన్‌కి పెసరట్టు మించింది లేదు. మనిషికి 40 గ్రాముల పెసలు రాత్రే నానబెట్టండి, అల్లం పచ్చిమిర్చి వేసి రుబ్బండి, పిడికెడు బియ్యం మాత్రం వెయ్యకండి, బియ్యం లేకపోతే కరకరలాడదని అనుకుంటారు గానీ పెనం బాగా కాలి, అట్టు పల్చగా తిప్పితే చాలు. ఎమ్మెల్యే పెసరట్టులో ఉప్మా పెడతారు కదా, ఆ ఉప్మా బదులు 50 గ్రాముల పన్నీర్ తురిమి ఉప్పు కారం చల్లి మడత పెట్టండి. రెండు అట్లలో పెసల నుంచి 9, పన్నీర్ నుంచి 9, పల్లీ చట్నీ రెండు స్పూన్లతో ఇంకో 3, టిఫిన్‌లోనే 20 దాటిపోయింది. రోజూ పెసరట్టే అంటే బోర్ కొడుతుంది, ఒకరోజు రవ్వ కలపకుండా ఒట్టి మినపపిండితో మినపట్టు, ఒకరోజు సెనగపిండిలో మెంతికూర, నువ్వులు వేసి అట్లు. ఇడ్లీ మాత్రం మినప్పప్పు కంటే రవ్వే రెట్టింపు ఉంటుంది కాబట్టి దాన్ని ప్రోటీన్ లెక్కలో వేసుకోకండి.

ఒక రోజు కంచం ఇలా

60-65 కేజీల మనిషికి రాస్తున్నా. పొద్దున పైన చెప్పిన పన్నీర్ పెసరట్లు రెండు, చట్నీ. మధ్యాహ్నం మీల్‌మేకర్ గోంగూర, బీరకాయో సొరకాయో దొండకాయో ఒక కూర నిండుగా, వండిన అన్నం 100 గ్రాములు, అంటే చిన్న కప్పు, దాని మీద పెరుగు 150 గ్రాములు, ఇక్కడ ఇంకో 22 అయ్యాయి. సాయంత్రం చక్కెర లేని కాఫీ, 20 గ్రాముల వేయించిన గుమ్మడి గింజలు, కలిపి 8 గ్రాములు. రాత్రి 100 గ్రాముల పన్నీర్‌తో పాలకూరో క్యాప్సికమో, పల్చటి మజ్జిగ, 20. మొత్తం 70 గ్రాముల దాకా వచ్చింది, పీచు తీసేస్తే కార్బ్స్ 90 చుట్టూ ఉంటాయి. ఆ చిన్న కప్పు అన్నం ఎందుకుంచానంటే పెరుగన్నం లేకుండా భోజనం అయినట్టు అనిపించదు మనకి, ఆ ఒక్క ముద్ద ఉంటే మిగతా అన్నీ ఎన్నాళ్లయినా చేస్తారు.

అన్నం ఎలా తగ్గించాలి

మొదటి వారం పాత భోజనమే, దానికి ప్రోటీన్ కలపడం. తినేటప్పుడు కూడా ముందు పన్నీరో మీల్‌మేకరో, కూరో తినేసి చివర్లో అన్నం పెట్టుకోండి, చాలామందికి అన్నం దానంతటదే సగం అయిపోతుంది. రెండో వారం రాత్రి అన్నం, చపాతీ తీసెయ్యండి. మూడో వారం పొద్దున టిఫిన్ మార్చండి. నాలుగో వారం మధ్యాహ్నం అన్నాన్ని చిన్న కప్పుకి తెచ్చెయ్యండి. రాత్రి పదింటికి ఆకలేసి వంటింట్లో డబ్బాలు వెతుక్కుంటున్నారంటే సాయంత్రం దాకా ప్రోటీన్ తక్కువ తిన్నారని అర్థం, అన్నం తగ్గించడం అక్కడే ఆపి అది సరిచేసుకోండి.

ప్రోటీన్ అనుకుని తినేవి

బాదం పప్పులు పది నానబెట్టుకుని తింటే వచ్చేది రెండున్నర గ్రాములు. పుట్టగొడుగుల్లో 100 గ్రాములకి మూడు. పల్లీలు 30 గ్రాములు తింటే 7 వస్తుంది, మంచిదే, కానీ సగం బరువు నూనే కాబట్టి గుప్పెడు దాటితే క్యాలరీలు పెరిగిపోతాయి. ఫూల్ మఖానాలో ముప్పావు వంతు కార్బ్సే. రాగిజావ, కొర్రన్నం చిరుధాన్యాలు కాబట్టి లో కార్బ్ అనుకుంటున్నారు చాలామంది, పీచు, ఖనిజాలు బియ్యం కంటే మెరుగే, కానీ 100 గ్రాముల రాగుల్లో ప్రోటీన్ ఏడే, కార్బ్స్ 65 దాటతాయి. వీరమాచనేని రామకృష్ణ గారి డైట్, అదే కార్బ్స్ బాగా తగ్గించి కొవ్వు పెంచే పద్ధతి, వచ్చినప్పటి నుంచి కొబ్బరి నూనె తాగడం మన ఊళ్లలో బాగా తెలుసు, నూనె ఏదైనా నెయ్యి ఏదైనా అందులో ప్రోటీన్ సున్నా అని గుర్తుంచుకోండి.

మలబద్ధకం, బీ12, బయటి తిండి

అన్నం తగ్గాక మొదటి వారాల్లో మలబద్ధకం, తలనొప్పి చాలామందికి వస్తాయి. ఒంట్లోంచి నీళ్లు, ఉప్పు ఎక్కువ పోతాయి కాబట్టి ఉప్పేసిన మజ్జిగ రెండు గ్లాసులు తాగండి, బీపీ మందులు వాడేవాళ్లు ఉప్పు గురించి డాక్టర్‌ని అడగండి. రోజుకి రెండు పూటలా ఆకుకూరలు, కాయగూరలు కలిపి అరకేజీ దాకా తినాలి, పైన ఒక స్పూన్ అవిసె గింజల పొడి. పన్నీర్ పెంచి కూరలు తగ్గిస్తే కడుపు గట్టిపడిపోతుంది. శాకాహారుల్లో విటమిన్ బీ12 తక్కువ ఉండటం చాలా మామూలు, నీరసానికి అది కూడా కారణం కావచ్చు, ఒకసారి చూపించుకోండి.

పెళ్లి భోజనాల్లో పన్నీర్ కూర ఉంటే అది రెండుసార్లు పెట్టించుకుని, పూరీ, బిర్యానీ దాటెయ్యండి, గడ్డ పెరుగు చివర్లో అడిగి తీసుకోండి. ఏకాదశి ఉపవాసం రోజు సగ్గుబియ్యం కిచిడీ బదులు పాలు, పన్నీర్, వేయించిన పల్లీలు పెట్టుకోండి, సగ్గుబియ్యం అంటే ఒట్టి పిండే. రైలు ప్రయాణానికి ఉడికించిన సెనగలు కాసిని, పన్నీర్ వేపుడు ముక్కలు డబ్బాలో, పన్నీర్ మాత్రం ఎక్కువసేపు ఉంచకుండా ముందే తినేయాలి, ఎండాకాలం అయితే ఇంకా ముందే. అమెరికాలో, యూకేలో ఉన్నవాళ్లకి ఇది ఇంకా సులువు, గ్రీక్ యోగర్ట్, కాటేజ్ చీజ్, ఎక్స్‌ట్రా ఫర్మ్ టోఫు, టెంపే (సోయా గింజల్ని పులియబెట్టి చేసేది) అన్నీ మామూలు షాపుల్లోనే ఉంటాయి, ఫ్లేవర్ వేసిన యోగర్ట్‌లో చక్కెర ఎక్కువ కాబట్టి ప్లెయిన్ కొనుక్కోండి.

ఆరు వారాలయ్యాక నడుము కొలత, బరువు, షుగర్ ఉన్నవాళ్లు రీడింగ్స్ చూసుకోండి. నడుము తగ్గి, మెట్లెక్కేటప్పుడు కాళ్లలో బలం అలాగే ఉంటే లెక్క సరిగ్గా ఉన్నట్టు. బరువు తగ్గుతోంది గానీ బియ్యం సంచి ఎత్తలేకపోతున్నారు, జుట్టు ఊడుతోంది అంటే మళ్లీ ఒక మూడు రోజులు తూచి చూడండి, ఎక్కువమందిలో పొద్దున టిఫిన్‌లోనే లోటు బయటపడుతుంది. తూచినా ప్రోటీన్ సరిపోయే ఉందంటే ఐరన్, థైరాయిడ్ టెస్టులు చేయించుకోండి.